దోసగింజలు మోసిన బుట్ట

నేను ఒక వెదురు బుట్టను. బుట్టేగా అని పెదవి విరవకండి. మీ ఫ్రిజ్జుకు తెలిసింది ఒక్క చలికాలమే, నాకు ఆరు ఋతువులూ తెలుసు.

నన్ను అల్లింది మేదర పున్నమ్మ. ఒకే వెదురు చీల్చి, కూనిరాగం తీస్తూ, నన్నూ నా కవలనూ ఒక్క మధ్యాహ్నంలో అల్లేసి, మైలవరం దారిలో తోట ఉన్న నాంచారమ్మకు అమ్మింది. ఆ నాంచారమ్మ పద్ధతే వేరు. ముందుగా చందా కట్టిన బెజవాడ ఇళ్ళకు ప్రతి బుధవారం ఒక బుట్ట కూరలు పంపుతుంది. ఏం కావాలని అడగదు. ఆ వారం నేల ఏది ఇస్తే అదే. నిండు బుట్ట గుమ్మంలోకి రాగానే పాత బుట్ట తిరిగి వెళ్ళాలి. అందుకే నేనూ నా కవలా గుమ్మం దగ్గర ఓ నిమిషం ఎదురుపడడమే తప్ప కలిసి ఉన్నది లేదు.

మాకు రాసిపెట్టిన ఇల్లు సత్యనారాయణపురంలో మూడో అంతస్తు. కుట్టుపని నేర్పే హైమవతి, రైల్వేలో పనిచేసి రిటైరైన ఆమె భర్త భాస్కరయ్య ఉండేవారు. హైమవతి ఏనాడూ మమ్మల్ని ఉత్తగా పంపలేదు. గుప్పెడు కందిపప్పో, రెండు సున్నుండలో, మూరెడు మల్లెపూలో వేసేది.

"కొనుక్కున్న కూరలకు సారె పెట్టడం నీ దగ్గరే చూశాను," అనేవాడు భాస్కరయ్య.

"ఖాళీ బుట్ట ఎలా పంపుతామండీ, అశుభం కాదూ!" అనేది ఆవిడ.

నాంచారమ్మ తమ్ముడు సాంబయ్య ఆటోలో ఊగుతూ ఊగుతూ నేను సగం నిద్రలోనే బతికాను. కళ్ళు తెరిచేసరికి మునగాకు వాసన వస్తే ఆషాఢం. పక్కటెముకల్లోకి బచ్చలి తడి దిగితే శ్రావణం. చిక్కుళ్ళు గలగలమంటే కార్తీకం. మామిడికాయల జీడి చురుక్కుమంటే, ఇంకేముంది, ఎండలొచ్చేశాయన్నమాట. గోడ మీది క్యాలెండరు కాగితాలు చింపుకునే మనుషులను చూస్తే నాకు జాలేసేది.

ఇక భాద్రపదం వచ్చిందంటే దోసకాయలే దోసకాయలు. "మళ్ళీ దోసకాయేనా! ఈ ఇంట్లో ఇంకో కూర ఉండదా?" అని భాస్కరయ్య గొంతు చించుకునేవాడు. తర్వాత దోసకాయ పప్పులో నెయ్యి వేసుకుని మూడుసార్లు కలుపుకునేవాడు. దోసకాయ సంగతి మీకు తెలియనిదా? చేదో కాదో కోసి నాలిక మీద పెట్టుకుంటే గానీ తేలదు. నాంచారమ్మ దోస అలా కాదు. వాళ్ళమ్మ ఇచ్చిన విత్తనం. ఏటా మంచి కాయలు ఎంచి, గింజలు తీసి, బూడిద కలిపి కుండలో దాచేది. ఒక్క కాయ చేదు వచ్చిన పాపాన పోలేదు. హైమవతి రుచి చూడడమే మానేసింది.

ఒక బుధవారం ఆవిడ ముగ్గిన దోసకాయ ఒకటి కోసి, గింజలు వేయించుకు తినొచ్చని నన్ను బాల్కనీలో బోర్లించి నా వీపు మీద పరిచింది. అంతలో ఎవరో జాకెట్టు కొలతలకు వచ్చారు. గింజల సంగతి మరిచే పోయింది. ఆ జిగురుకు గింజలు నా బద్దల సందుల్లో అతుక్కుని ఎండిపోయాయి. ఒకటే దురద. గోక్కుందామంటే చేతులేవీ?

ఆ ఆదివారం వాన మొదలైంది. తర్వాతి బుధవారం ఆటో రాలేదు. ఆపై వారమూ రాలేదు. వాగు పొంగి తోట మునిగిందని ఫోనులో తెలిసింది. ఐదు నెలలు నన్ను ఉల్లిపాయలకు అప్పగించారు. బజారు కూరలు ఏ నెలైనా ఒకే వాసన. బుధవారం వస్తే భాస్కరయ్య ఏదో పనున్నట్టు బాల్కనీలోకి వచ్చి వీధిలోకి చూసేవాడు.

మాఘమాసంలో ఆటో చప్పుడైంది. నా కవల అడుగున నాలుగు గోంగూర కట్టలు, కాస్త పాలకూర.

"తోట పోయినందుక్కాదండీ మా అక్క బాధ," అన్నాడు సాంబయ్య గుమ్మంలో నిలబడి. "గింజల కుండ కొట్టుకుపోయిందండీ. ఆ దోస విత్తనం కోసం చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగొచ్చింది. ఒక్కరి దగ్గరా లేదు. మా అమ్మ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదండీ."

"అయ్యో, అన్నీ తినేశామే! ఒక్క కాయ గింజలైనా దాచకపోతినే," అని హైమవతి నొచ్చుకుంది. ఉల్లిపాయలు కుమ్మరించి, నాలో బెల్లం ముక్క వేసి అతని చేతికిచ్చింది. నా వీపు ఎవరూ చూడలేదు. చెబుదామంటే నాకు మాట లేదు.

తోటలో నాంచారమ్మ బెల్లం కొరుక్కుని, కొబ్బరిపీచు తీసుకుని నన్ను తోమబోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క రుద్దు రుద్దితే అంతా కాలవపాలు! ఆమె బొటనవేలు నా వీపు మీద ఆగింది.

"ఒరే సాంబా! ఇటు రారా. ఇయ్యేందిరా?"

గోటితో లాగితే ఊడలేదు. గట్టిగా లాగితే గింజ విరిగింది. ఇక పీచు పక్కన పెట్టి, చతికిలబడి కూర్చుని, పున్నమ్మ అల్లిక బద్ద బద్దా విప్పడం మొదలుపెట్టింది. నొప్పి పుట్టలేదంటే అబద్ధం. నా అడుగంతా పోయింది. పదకొండు గింజలు ఆమె అరచేతిలోకి చేరాయి.

పాదు చేసి నాటితే మొలిచినవి మూడు. కోళ్ళు గీరకుండా ఆ మూడింటి మీద నన్నే బోర్లించింది. ఇంకెందుకు పనికొస్తాను మరి? తెల్లారి మంచు నా బద్దల మీంచి చిన్న చిన్న ఆకుల మీదకు జారుతుంటే మళ్ళీ నిద్రలోకి పోయేదాన్ని. ఒకనాడు మెలకువ వచ్చేసరికి, ఒకప్పుడు నా అడుగున్న చోటులోంచి తీగ ఆకాశం చూస్తోంది.

తీగ వచ్చిందని సంబరపడితే సరా? ఆ గింజలు తన దోసవేనో, బజారు దోసవో నాంచారమ్మకేం తెలుసు? నాకు తెలుసు, అంతే. చైత్రంలో మొదటి కాయ పసుపు తిరిగింది. కొడవలితో చెక్క కోసి నాలిక కొస మీద పెట్టుకుంది.

"చేదు లేదురా," అని గట్టు మీద కూలబడింది నాంచారమ్మ. "అమ్మ దోసేరా ఇది." చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మిగతా కాయలన్నీ విత్తనానికి ఉంచేసి, ఒక్కటి మాత్రం బుధవారం నా కవలలో సత్యనారాయణపురం పంపింది. పై బుధవారం నా బదులు వచ్చిన కొత్త బుట్ట అక్కడికి వెళ్ళి, నా కవల తిరిగి వచ్చేసరికి అందులో సున్నుండలూ, వాటి కింద ఒక పొట్లమూ, భాస్కరయ్య రాసిన చీటీ. సాంబయ్య కూడబలుక్కుంటూ చదివాడు.

"అమ్మా నాంచారమ్మా, మళ్ళీ దోసకాయేనా అన్న నా నోరు పడిపోను. గింజలన్నీ కడిగి, ఆరబెట్టి, ఈ పొట్లంలో పంపుతున్నాం. ఒక్కటి కూడా తినలేదు."