గడ్డితాడు అవతల

వరిగడ్డి బూడిద తెల్లబడితే పనికిరాదు, నల్లగానే ఉండాలి. సుగి పొద్దున్నించీ గడ్డి కాలుస్తూ, మంట ఎగిసినప్పుడల్లా నీళ్లు చిలకరిస్తోంది. కళ్లు మండిపోతున్నాయి. ఆ బూడిదలో పొర్లించనిదే ఉక్కు మడత మీద మడత అతకదు. బూడిద కొలిమిశాలలోకి వెళ్లొచ్చు, ఆమె వెళ్లకూడదు. గుమ్మానికి గడ్డితాడు కట్టి ఉంది. ఆడది దాటితే ఉక్కు మైలపడుతుందట. నలభై సెన్‌ల చిల్లర కూలికి ఆమె చేసే చాకిరీకి మాత్రం ఏ మైలా లేదు.

కిందటేడు ఇదే గుమ్మం ముందు నిలబడింది. లోపల ఆమె మొగుడు యసొకిచి కొడుతుంటే సమ్మెట అంచు పగిలి, పెచ్చు ఎగిరి తొడలో దిగింది. సమ్మెట మార్చమని అతను నెల్లాళ్లుగా అడుగుతూనే ఉన్నాడు. సుగి నడికట్టు విప్పి చేత్తో పట్టుకుని, కట్టు కడతాను రానీయమని మొత్తుకుంది.

"దాటావంటే ఇన్ని మడతల ఉక్కూ ఏట్లో పారెయ్యాలి. ఈ మడత కానీ," అన్నాడు యజమాని మునెహిసా.

మడత పూర్తయ్యేసరికి యసొకిచి ఒళ్లు చల్లబడింది. ఆ కత్తి మీద మునెహిసా తన పేరు చెక్కుకున్నాడు. దాటితే ఉక్కు ఏట్లో పారెయ్యాలన్న ఆ మాట సుగి మరిచిపోలేదు. ఏడాదిగా ఈ గుమ్మం దగ్గర బూడిద కాలుస్తున్నది ఆ మాట కోసమే.

ఇవాళ నగోయా నుంచి కర్నల్ వచ్చి కూర్చున్నాడు, తన కత్తి తయారీ కళ్లారా చూడాలని. బూడిద బుట్ట కోసం తొరజో బయటికొచ్చాడు. యసొకిచికి జోడీగా పదేళ్లు సమ్మెట కొట్టినవాడు.

"ఎన్నో మడత, తొరజో?"

"పన్నెండోది వదినా. వారం నించీ నడుములు పడిపోతున్నాయి. కర్నల్ ముందు మా అయ్యగారి నోట తేనె కారిపోతోందనుకో. బుట్ట ఇటియ్యి."

"ఇవాళ నేనే తెస్తా."

తొరజో నవ్వాడు. ఆమె తాడు దాటాక నవ్వు ఆగిపోయింది. సుగి తిన్నగా దాగలి దగ్గరికి వెళ్లి బుట్ట దించింది. దాగలి మీద, సగం మడిచిన ఉక్కు పసుపుపచ్చగా మెరుస్తోంది.

"ఏయ్! మతిపోయిందా నీకు?" మునెహిసా అరిచాడు.

"దాటాను అయ్యగారూ. ఏట్లో పారెయ్యండి."

కర్నల్ మొహం చిట్లించాడు. "ఏమిటిది? నా కత్తి పాడైనట్టేనా?"

"అబ్బే, అదంతా పాతకాలపు చాదస్తమండీ. ఉక్కుకేం కాదు," అన్నాడు మునెహిసా.

"ఏం కాదా?" అంది సుగి. "మళ్లీ చెప్పండి. తొరజో కూడా వినాలి. ఆడది దాటితే ఏం కాదా?"

మునెహిసా సమ్మెటవాళ్ల వైపు తిరిగాడు. చిన్న సుత్తితో దాగలి మీద టంగుమని కొట్టాడు. కొట్టమని సైగ అది. కిందటేడు, నేల మీద స్నేహితుడు రక్తం ఓడుతుంటే, ఆ చప్పుడికి బదులుగా తొరజో సమ్మెట కొట్టాడు. ఆ సిగ్గు ఇంకా అతన్ని వదల్లేదు.

టంగ్.

తొరజో సమ్మెట నేలకి దించాడు. పక్కవాడు అతన్ని చూసి తనదీ దించాడు.

"కొట్టండ్రా! చల్లారిపోతోంది!"

ఉక్కు ఎర్రబడి, అంచుల్లో నల్లబడుతోంది. మడత నోరు ఇంకా మూసుకోలేదు, చల్లారితే ఇక అతకదు. సుగి వెళ్లి యసొకిచి పడిపోయిన చోటే చతికిలబడింది. తనివితీరా ఆ ఉక్కునే చూస్తోంది.

"ఈ మడత కానీయండి అయ్యగారూ," అంది. "నేనిక్కడే ఉంటా."

మునెహిసా మళ్లీ కొట్టాడు. టంగ్.