సంకేతాలు మామూలువే

నెలాఖరులోగా నేను చేయాల్సిన పనులు ఇవి. నా సిద్ధాంత గ్రంథం మూడో అధ్యాయంలో అచ్చుతప్పులు దిద్దాలి. లైబ్రరీ పుస్తకాలు తిరిగిచ్చి రసీదు తీసుకోవాలి. ప్రతులు బైండింగుకి ఇవ్వాలి, ముదురు నీలం అట్ట మీద బంగారు రంగు అక్షరాలు. నా మార్గదర్శకుడు ఆర్తత్రాణ సార్ చేత సంతకం పెట్టించాలి. అన్నిటికన్నా చివర, ఏ గుర్తుకి ఏ అర్థమో చెప్పే సంకేతాల పేజీ రాయాలి.

సంకేతాల పేజీని చివరికి వదిలేయడం మా గణిత విభాగంలో అలవాటే. సిద్ధాంత గ్రంథం మొత్తం ముగిశాక, "ఇందులోని సంకేతాలు మామూలువే" అని ఒక వాక్యం రాసి ముందు అతికిస్తారు. మామూలు అంటే ఎవరి మామూలు అని అడిగేవాళ్లు లేరు. ఒక్కరు తప్ప.

ఆవిడ సైరింధ్రీ అపా, అంటే అక్క. మా కటక్‌లోనే ఒక ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఒకప్పుడు ఆర్తత్రాణ సార్ శిష్యురాలే. పరిశోధన మధ్యలో ఆపేసింది గానీ, శనివారం మా విభాగంలో జరిగే ఉపన్యాసాలకి రావడం మాత్రం ఆపలేదు. వెనక బెంచీలో కూర్చుంటుంది. ఎవరు బోర్డు మీద ప్రమేయం రాసినా చెయ్యెత్తుతుంది.

"ఎక్కడి నుంచి ఎక్కడికి, బాబూ?"

ఏ సమితి నుంచి తీసుకుంటుంది, ఏ సమితిలోకి పంపుతుంది అని ఆవిడ ప్రశ్న. అది చెప్పకపోతే ప్రమేయాన్ని నిర్వచించినట్టే కాదు. అందరికీ తెలిసిందే, ఎవరూ రాయనిదే. ఆవిడకి మావాళ్లు కండక్టరమ్మ అని పేరు పెట్టారు.

"కండక్టరమ్మ వచ్చింది, చిల్లర సిద్ధంగా పెట్టుకోండి" అనేవాడు కైలాస్ రౌత్. నాకన్నా రెండేళ్లు సీనియరు. ఆవిడకి వినబడేలాగే అనేవాడు.

"చిల్లర నీ దగ్గరే ఉంచుకో, కైలాస్. నీ ప్రమేయం ఊరు పేరు లేకుండా ఎక్కింది, దాన్ని దింపేస్తున్నా" అనేది అపా.

నేను సుకాంతి సేఠిని. మా బాపాది, అంటే నాన్నది, ఇస్త్రీ దుకాణం. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కిన మొదటిదాన్ని నేనే. నా రిజిస్ట్రేషన్ గడువు ఆ నెలాఖరుతో తీరిపోతుంది. ఆలోగా సంతకంతో గ్రంథం లోపలికి వెళ్లకపోతే మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి, అది కూడా వేరే మార్గదర్శకుణ్ణి వెతుక్కుని. ఎందుకంటే అదే నెలాఖరుకి సార్ పదవీ విరమణ.

దిద్దిన మూడో అధ్యాయాన్ని చివరిసారి చూడమని అపాకి ఇచ్చాను. అందులో ఉన్నదే నా ముఖ్య సిద్ధాంతం. సార్‌తో కలిసి రాసిన వ్యాసంగా అప్పటికే ఒక పత్రికలో అచ్చయింది కూడా. రెండు రోజుల తర్వాత తన కాలేజీ స్టాఫ్ రూమ్‌కి రమ్మంది. చద్దన్నం డబ్బా పక్కకి జరిపి నా కాగితాలు పరిచింది.

"ఇక్కడ f పక్కన c రాశావు. ముందు ఏది చేయాలి?"

"ముందు c, తర్వాత f. నేను ప్రమేయం పేరు x కి ఎడమ పక్క రాస్తాను కదా అపా, స్కూలు పుస్తకాల్లోలాగ. x కి దగ్గరగా ఉన్నదే ముందు."

"రెండో అధ్యాయంలో?"

"అది సార్ లెమ్మా. సార్ పాత పద్ధతిలో పేరు కుడి పక్క రాస్తారు. ఎడమ నుంచి చదువుకుంటూ పోవడమే. ముందు f, తర్వాత..."

నా మాట నాకే వినబడి ఆగిపోయాను.

లెమ్మా అంటే పెద్ద సిద్ధాంతానికి చేరడానికి వేసుకునే మెట్టు. సార్ లెమ్మా చెప్పేది ఇంతే: c అనేది అన్నిటినీ ఒకే చోటికి పంపే స్థిర ప్రమేయం అయితే, దానికి ఎడమ పక్కన ఏమున్నా కొట్టేయవచ్చు. ఆ ఒక్క మెట్టు మీద నిలబడి నేను మూడో అధ్యాయం నిండా ఎడమ పక్కవన్నీ కొట్టేసుకుంటూ పోయాను.

"c అంటే బాదాంబాడి బస్సు అనుకో" అంది అపా. "ఎక్కడ ఎక్కినా బాదాంబాడిలోనే దింపుతుంది. సార్ రాతలో అది ఆఖరి బస్సు. ముందు నువ్వు ఏ బస్సులో తిరిగినా దానితో పనిలేదు, చివరికి దిగేది బాదాంబాడిలో. కొట్టేయవచ్చు. నీ రాతలో అదే మొదటి బస్సు. బాదాంబాడిలో దిగి చౌద్వార్ బస్సు ఎక్కావు. ఇప్పుడు ఎక్కడున్నావు?"

"చౌద్వార్‌లో."

"నీ సిద్ధాంతం బాదాంబాడిలో ఉన్నావంటోంది."

అపా కాగితం మీద రెండు చుక్కలు పెట్టింది. రెండే చోట్లున్న లోకం. రెండిటినీ మొదటి చుక్కకి పంపే c, రెండిటినీ తారుమారు చేసే f. నా పద్ధతిలో కలిపితే అన్నీ రెండో చుక్క దగ్గర తేలాయి. సిద్ధాంతం తప్పని చూపించడానికి ఆ రెండు చుక్కలు చాలు. మొత్తం సార్ పద్ధతిలోకి తిరగేసి రాద్దామా అంటే, రుజువులో మిగతా సగం నా పద్ధతి మీదే నిలబడి ఉంది. ఒక పక్క లేపితే రెండో పక్క కూలుతుంది.

"సంకేతాల పేజీ ముందే రాసి ఉంటే మొదటి రోజే దొరికేది" అన్నాను.

"నేనూ చివరికే వదిలేశాను. అందుకే నాది పూర్తవలేదు" అంది అపా డబ్బా మూత తీస్తూ. "తిన్నావా? మొహం చూడు ఎలా ఉందో. కూర్చో, ఈ ఉల్లిపాయ కొరుక్కో."

తర్వాతి రోజు కైలాస్‌కి చెప్పాను. పెరుగు గారెలమ్మే దహీబరా బండి దగ్గర నిలబడి దొన్నె ఖాళీ చేశాడు.

"సంకేతాలు మామూలువే అని రాసి పడెయ్. పరీక్షకుడు ముందుమాట చదువుతాడు, చివర ఉపయోగించిన గ్రంథాల జాబితాలో తన పేరుందో లేదో చూసుకుంటాడు. అంతే."

"తప్పు కదా, భాయినా" అన్నాను, అన్నని పిలిచినట్టే.

"అచ్చయినప్పుడు తప్పు కాలేదే. ఆ కండక్టరమ్మ టికెట్ అడిగిందని బస్సులోంచి దూకేస్తావా? మీ బాపా ఎన్ని చొక్కాలు ఇస్త్రీ చేస్తే ఇక్కడిదాకా వచ్చావు?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. తేలిగ్గా అన్నాడు గానీ అబద్ధం కాదు.

వారం రోజులు కూర్చుని సిద్ధాంతాన్ని కుదించాను. c పంపే ఆ ఒక్క చోటుని ఏ ప్రమేయమూ కదపదు అనే షరతు పెడితే నిలబడుతుంది. చౌద్వార్ బస్సు బాదాంబాడిలో ఎక్కినవాళ్లని మళ్లీ బాదాంబాడిలోనే దింపాలన్నమాట. చిన్నదైపోయింది, కానీ నిజం. సంకేతాల పేజీ మొదటినుంచి రాశాను. ఏ ప్రమేయం ఎక్కడి నుంచి ఎక్కడికి, పేరు ఏ పక్క, రెండు కలిపితే ఏది ముందు. అడుగున ఒక గమనిక పెట్టాను: అచ్చయిన వ్యాసంలో ఈ షరతు లేదు, అది లేకుండా సిద్ధాంతం తప్పు, ఈ పొరపాటు పట్టింది శ్రీమతి సైరింధ్రీ నాయక్.

సార్ ఇంటికి తీసుకెళ్లాను. నాకు బీజగణితం చెప్పినాయన, పుస్తకాలు కొనలేనని తెలిసి తన అలమరా తాళం ఇచ్చినాయన. పేజీ రెండుసార్లు చదివారు.

"నా లెమ్మా తప్పు కాదు."

"కాదు సార్. నేను వాడిన తీరు తప్పు."

"షరతు పెట్టావు, మంచి పని. ప్రత్యేక సందర్భం అని రాయి, చాలు. వ్యాసం ఊసు ఎందుకు? వచ్చే వారం నాకు శాలువా కప్పి పంపిస్తారు. అదే నా చివరి వ్యాసం, అమ్మా."

నేను తల వంచుకున్నాను.

"సైరింధ్రి పేరు కూడా తీసేయి. పేరుంటే ఏ పొరపాటు పట్టింది అని అడుగుతారు. ఈ గమనిక తీసి తీసుకురా, వెంటనే సంతకం పెడతాను."

ఆ సాయంత్రమే అపా దగ్గరికి వెళ్లాను. విని నవ్వింది.

"తీసెయ్యవే పిచ్చిదానా. నా పేరు లేకపోతే నీ సిద్ధాంతం కూలుతుందా?"

"కూలదు."

"మరింకేం?"

 ఇంటికి వెళ్లి గమనిక తీసేసి పేజీ చదువుకున్నాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ షరతు ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం లేదు. ప్రతి ప్రమేయానికీ ఎక్కడి నుంచి అని రాసి, దీనికి రాయకపోతే ఆ పేజీ ఎందుకనిపించింది. అచ్చయిన వ్యాసాన్ని నమ్మి రేపు ఇంకొకరు దాని మీద ఇల్లు కట్టుకుంటే ఏం చెప్పాలో తెలియలేదు. గమనిక మళ్లీ పెట్టి సార్‌కి ఇచ్చాను. ఆయన కోప్పడలేదు. కాగితాలు బల్ల మీద పెట్టి, చూద్దాంలే అన్నారు.

గడువు దాటింది. శాలువా కప్పారు. నేను కూడా వెళ్లి కాళ్లకి దణ్ణం పెట్టాను. నా తల మీద చెయ్యి వేశారు గానీ కళ్లలోకి చూడలేదు. గ్రంథం ఆయన బల్ల మీదే ఉండిపోయింది.

"సంతకం అయిందా, అమ్మా?" అని బాపా ఇప్పటికీ అడుగుతాడు, ఇస్త్రీపెట్టెలో బొగ్గు కదుపుతూ. ఇంకా లేదంటాను. సరేలే అంటాడు. ఆ సరేలే వినడం అన్నిటికన్నా కష్టంగా ఉంది. అపా అయితే తన పేరు తీయనందుకు నా మీద కోపంతో రెండు శనివారాలు రాలేదు. మూడో వారం వచ్చి వెనక బెంచీలో కూర్చుని చెయ్యెత్తింది.

కొత్త దరఖాస్తు పెట్టాను. వేరే మార్గదర్శకుడు ఒప్పుకుంటాడో లేదో తెలియదు. ఆ పేజీ అచ్చవుతుందో లేదో కూడా తెలియదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు గానీ, మీ పిల్లలు గానీ ఎప్పుడైనా ఒక ప్రమేయం రాయబోతూ, ఇది ఎక్కడి నుంచి ఎక్కడికి అని ఒక్క క్షణం ఆగితే, కటక్‌లో వెనక బెంచీ మీద కూర్చునే సైరింధ్రీ నాయక్‌ని ఒక్కసారి తలుచుకోండి.