జమేదారు బొమ్మ చూడబోయిన దుర్గయ్య

ఎనిమిదేండ్లుగా ఖాకీ గుడ్డ కంటబడితే చాలు, దుర్గయ్య గొర్రెపిల్లల గూడులోకి దూరి తడిక వేసుకునేవాడు. రజాకార్లు పోయిన పిమ్మట, అడవిలోని తిరుగుబాటుదారులకు అన్నం పెట్టాడన్న నింద మోపి, పోలీసులు అతణ్ణి వాగు అవతలి క్యాంపులో పదకొండు దినాలు ఉంచారు. ఒంటిమీది వాతలు మానాయి గాని మనసు మానలేదు. సంతబాటలో ఠాణా ఉన్నందున గొర్రెలను తోలుకుపోయి అమ్మే పని కూడా భార్య జానమ్మ నెత్తినే పడింది. పెనిమిటి ఒక్కసారి ఆ ఠాణా ముందు నుండి తలెత్తుకొని నడిస్తే చాలునని ఆమె మొక్కని దేవుడు లేడు.

యాభై ఎనిమిదిలో పక్క ఊరు కేతేపల్లికి గుడారపు సినిమా వచ్చింది. పోలీసు జమేదారు మీద తీసిన నవ్వుల బొమ్మ. జనం బండ్లు కట్టుకొని పోతున్నారు. జానమ్మ మరిది పెద్దులు మూడుమార్లు చూశాడు.

"గా జమేదారు కోళ్లదొంగను పట్టబోయి పేడకుప్పల పడ్తడు వదినె. లాఠీ ఓ దిక్కు, టోపీ ఓ దిక్కు. నవ్వాపుకోలేక ముసలోళ్లు ధోవతులు తడుపుకున్నరు."

"నీ ధోవతి పొడిగనే ఉండెనా?"

"జర తడిసింది. గది ఇడిచిపెట్టు. అన్నను తోల్కరా. గాళ్లు గట్ల పడంగ కండ్లార చూస్తే సగం భయం పోతది."

జానమ్మ మూడు దినాలు బతిమాలింది. నాలుగోనాడు సందెవేళ మొదటి ఆటకు దుర్గయ్య ఆమె వెనుకనే వచ్చి గుడారంలో ఇసుక మీద కూర్చున్నాడు.

తెరమీద ఖాకీ కనబడగానే అతని వేళ్లు ఆమె మణికట్టును బిగించాయి. జమేదారు తన లాఠీయే తన కాళ్లకు అడ్డుపడి బోర్లాపడ్డాడు. కోడి అతని టోపీలో గుడ్డు పెట్టింది. యమభటులు కాలుజారి పడితే నరకంలోని జీవులు ఎట్లు నవ్వుతారో, గుడారమంతా అట్లు నవ్వింది. క్యాంపు దెబ్బ తగలని ఇల్లు ఆ జనంలో ఎన్ని? ఏండ్లుగా బిగబట్టిన ఊపిరిని వారు ఆ నవ్వుల్లో వదిలారు. మణికట్టు మీది పట్టు సడలింది. జానమ్మ తిరిగి చూసింది. దుర్గయ్య నవ్వుతున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డుపెట్టుకొని ఏడ్చింది.

అంతలో వెనుక నుండి ఒక నవ్వు లేచింది. కుండలో గులకరాళ్లు ఆడించినట్లు, ఆగి ఆగి, నడుమ దగ్గుతో. దుర్గయ్య నోరు మూతబడింది.

"గదే నవ్వు," అన్నాడు. "నన్ను ఏలాడగట్టినప్పుడు నవ్విన నవ్వు. గదే."

రీలు మార్చడానికి దీపం వెలిగించారు. గుంజకు ఆనుకొని, బందోబస్తుకు వచ్చిన ముసలి పోలీసు జవాను ఒకడు నవ్వి నవ్వి, దగ్గుతూ కండ్లు తుడుచుకుంటున్నాడు. "మా బతుకులు అచ్చం గిట్లనే ఉంటయి," అని పక్కవాడితో అంటున్నాడు.

దుర్గయ్య తలపాగ తీసి నేలమీద పెట్టాడు. గొంతుకూర్చుని, రెండు చేతులూ నెత్తిన పెట్టుకొని తల వంచాడు. ఇదీ ఒక వేషమనుకొని వెనుకవాళ్లు ఈలలు వేశారు.

"లే, నీ కాళ్లు మొక్కుత. ఇంటికి పోదాం," అంది జానమ్మ. అతడు కదలలేదు.

జవాను ఇటు చూశాడు. ముఖాన నవ్వు ఇంకా ఉండగానే అతని చూపు ఆ నెత్తినున్న చేతుల మీద నిలిచిపోయింది. అట్లా కూర్చోవడం ఎవరు నేర్పారో జానమ్మకు ఆ చూపులోనే తెలిసింది. అతడు పెదవులు తడుపుకున్నాడు. దగ్గరికి రాలేదు.

"లే," అన్నాడు మెల్లగా.

దుర్గయ్య తక్షణం లేచి నిలబడ్డాడు, చేతులు దించకుండానే. జానమ్మ రెక్క పట్టి లాగినా రాలేదు. దీపం ఆర్పారు. తెరమీద జమేదారు మళ్లీ పరుగెత్తాడు.

"కూసోవయ్య, బొమ్మ కనవడ్తలేదు," అని వెనుక నుండి ఎవరో కసిరారు.

దుర్గయ్య జవాను వైపే చూస్తూ, తరువాతి మాట కోసం నిలబడి ఉన్నాడు.