పల్లంరాజుగారు లేచిన కుర్చీ

గురువారం వస్తే సుప్రియ టిఫిన్ బాక్సు సర్దుకుని, భీమవరంలో తొలి బస్సెక్కి మొగల్తూరు వైపు వెళ్ళేది. సోషల్ వర్కులో ఎమ్మెస్‌డబ్ల్యూ పాసైనా, ఏడాదిపాటు ఊళ్ళలో మానసిక వైద్య శిబిరాల దగ్గర పని నేర్చుకుంటేగాని వాటిని నడిపే సంస్థవాళ్ళు ఉద్యోగం ఖాయం చెయ్యరు. పంచాయతీ గదిలో ఓ బల్ల, రెండు మడత కుర్చీలు. ఊరికే ఏడుపొచ్చేవాళ్ళూ, దయ్యం పట్టిందని తాయెత్తులన్నీ కట్టించుకుని ఆఖరికి ఇటొచ్చినవాళ్ళూ ఎదురు కుర్చీలో కూర్చుని చెప్పుకునేవారు.

వాళ్ళు లేచి వెళ్ళాక, ఇంకొకరు రాకముందే, సుప్రియ ఆ కుర్చీలో కూర్చోవాలి. అది నియమం. నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాటలు కుర్చీలో ఉండిపోతాయి. తరవాత కూర్చున్నవాళ్ళకి వినిపిస్తాయి. డాక్టర్లకి నాడి చూడ్డం నేర్పినట్టే శిక్షణలో ఇదీ నేర్పుతారు. పిఠాపురం శిబిరంలో కుర్చీకి కాస్త నత్తి. రావులపాలెంలో బెంచీ వేశారుగానీ, అరటి మార్కెట్‌కి వచ్చినవాళ్ళంతా కూలబడి ఒకరి గోడు ఇంకొకరి గోడులో కలిపేస్తున్నారని తీసేశారు.

ఆ గురువారం ఆఖరున వచ్చినాయన పల్లంరాజుగారు. రొయ్యల చెరువుల రైతు.

"నిద్ర పట్టట్లేదండి" అన్నారు.

"ఎన్నాళ్ళనించండి?"

"మచ్చల జబ్బొచ్చి రొయ్యంతా పోయింది కదండీ, అప్పట్నించి. అదొక్కటే అయితే..." అని ఆగారు.

సుప్రియ వాచీ చూసుకుంది. బస్సు వేళయింది. అది తప్పితే నర్సాపురంలో పడిగాపులే. ఆ చూపు రాజుగారు చూడనే చూశారు.

"సర్లెండి, మీకు ఆలస్యమవుద్ది" అని లేచారు.

ఆయన గుమ్మం దాటగానే సుప్రియ గదికి తాళం వేసి పరుగెత్తింది. కుర్చీలో కూర్చోలేదు.

మర్నాడు ఆఫీసులో, పని నేర్పే రత్నమాణిక్యంగారు కేసులన్నీ అడిగి, "రాజుగారి కుర్చీలో కూర్చున్నావా?" అన్నారు.

"కూర్చున్నానండి."

"ఏమంది?"

"నిద్ర సంగతేనండి. ఇంకేం లేదు."

"అయితే కంగారు లేదు. వచ్చే నెల డాక్టరుగారొచ్చినప్పుడు చూపిద్దాం."

అబద్ధం ఎంత సునాయాసంగా వచ్చిందో సుప్రియకే ఆశ్చర్యమేసింది. సిగ్గు మాత్రం తీరిగ్గా ఆ సాయంత్రం వచ్చింది. వచ్చింది మరి పోలేదు. అన్నం ముందు కూర్చుంటే "అదొక్కటే అయితే" అన్న మాట గుర్తొచ్చేది. ఒక బస్సు కోసం ఒక మనిషిని లేపి పంపేశాను అనుకునేది. చెబితే శిక్షణలోంచి తీసేస్తారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ రెండో మాటే ఆమెని కాల్చుకు తినేసింది.

సోమవారం పొద్దున్నే రత్నమాణిక్యంగారి బల్ల ముందు నిలబడి చెప్పేసింది. "కూర్చోలేదండి. అబద్ధమాడాను."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "జీపు తియ్యమను" అన్నారంతే.

పంచాయతీ గది తాళం తీసేసరికి కుర్చీ అలాగే ఉంది. సుప్రియ కూర్చుంది. కుర్చీ రాజుగారి గొంతుతో మెల్లగా అంది:

"నా చెరువుల ఉప్పుకి మా చెల్లి చేను చవుడుబారిపోయిందండి. తవ్వద్దన్నయ్యా అంటే నేనే వినలేదు. అది ఒక్క మాటనదు. అన్నం పెట్టి, తలొంచుకుంటుంది. చెరువుగట్టు మీదకెళ్తే తిరిగి రాబుద్ధి కావట్లేదండి, అదే భయంగా ఉంది. ఇంకాసేపు కూర్చోమంటారేమోనని చూశాను."

విన్నదంతా చెప్పింది సుప్రియ. రత్నమాణిక్యంగారు అప్పటికే జీపు వైపు నడుస్తున్నారు. సుప్రియ కుర్చీ మడిచి చంకన పెట్టుకుని ఆవిడ వెనకాల పరుగెత్తింది.

రాజుగారు ఎండిన చెరువుగట్టు మీద, కాపలా పాక ముందు ఒక్కరే నిలబడి ఉన్నారు. ఇంట్లో చెప్పకుండా తెల్లారగానే వచ్చేశారట. సుప్రియని చూసి, ఇంటికి చుట్టాలొచ్చినట్టు కండువా సర్దుకున్నారు.

"ఇంత దూరం ఎందుకొచ్చారమ్మా?"

సుప్రియ కుర్చీ విప్పి గట్టు మీద వేసింది. "తప్పు నాదండి రాజుగారూ. మొన్న మిమ్మల్ని కూర్చోమనాల్సింది. కూర్చోండి. చెల్లెలుగారి చేను సంగతి చెప్పండి."

ఆయన కుర్చీని చూశారు. అది అంతా చెప్పేసిందని అర్థమైంది కాబోలు, కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చారు. సుప్రియ ఎదురుగా మట్టిలో కూర్చుంది. ఎండెక్కింది. రోడ్డు మీద బస్సులు పోతూనే ఉన్నాయి. చివరికి ఆయనే, "ఒకసారి దాని ఇంటికెళ్ళి, తప్పయిందని నోటితో అనాలండి. ఇన్నాళ్ళూ అన్లేదు" అన్నారు.

"పదండి, నేనొస్తాను" అని రత్నమాణిక్యంగారు ఆయన్ని జీపు దగ్గరికి తీసుకెళ్ళి ఎక్కించారు.

నియమం ప్రకారం సుప్రియ ఆ కుర్చీలో కూర్చుంది. ఎంతసేపున్నా అది ఏమీ అనలేదు. ఆయన ఏదీ దాచుకోకుండా వెళ్ళారు. సుప్రియకి ఏడుపు ఆగలేదు. ఆయన బతికున్నారు సరే, ఆ గురువారం రాత్రే ఏదైనా అయుంటే?

రాజుగారిని చెల్లెలింటి దగ్గర దింపి రత్నమాణిక్యంగారు తిరిగొచ్చి, సుప్రియని లెమ్మని, ఆ కుర్చీలో తను కూర్చున్నారు. కాసేపు చెవి ఒగ్గి విన్నారు. తన నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట కూడా అందులో ఉండిపోయిందని సుప్రియకి అప్పుడు తట్టింది.

"మానేసి ఇంటికెళ్ళిపోతావా?" అన్నారావిడ లేస్తూ. "అదైతే తేలికే. నీ శిక్షణ మొదట్నించీ మళ్ళీ మొదలు. గురువారం వచ్చెయ్యి. రాజుగారు వస్తానన్నారు."

సుప్రియ కళ్ళు తుడుచుకుని కుర్చీ మడిచింది.