మైకులో చెప్పండి

ఓడిన జట్టుకి ఊరంతా కోచులే. ఉయ్యూరు గ్రేస్ క్లబ్ అమ్మాయిలు వరసగా ఓడిపోవడం మొదలుపెట్టాక, జన్మలో బంతి తన్ననివాడు కూడా కోచ్ నాగమల్లేశ్వరికి ఆట నేర్పడానికి తయారయ్యాడు. టీ కొట్టు దగ్గర ఒకాయన డిఫెన్స్ మార్చమన్నాడు. ఇంకొకాయన చెరకు ట్రాక్టరు రోడ్డు మధ్యలో ఆపి మరీ గోల్‌కీపర్‌ని మార్చమన్నాడు. మిగతావాళ్ళంతా కోచ్‌నే మార్చెయ్యమన్నారు.

ఫిబ్రవరి సగం దాకా జిల్లా మహిళల ఫుట్‌బాల్ లీగులో గ్రేస్ క్లబ్బుకి ఎదురే లేదు. అప్పుడు ఆడింది పిల్లలు, గెలిపించింది ప్రభువు, వెన్నుదన్నుగా నిలబడింది క్లబ్ ప్రెసిడెంటు కృపానందం గారు. నాగమల్లేశ్వరి పేరు ఎవరి నోటా రాలేదు. ఓటమి మొదలైన నాటినుంచి మాత్రం ఆమె పేరు తప్ప ఇంకో పేరు వినపడలేదు. ఓడడం కూడా ఎప్పుడూ ఒకే తీరు. ఫస్టాఫ్‌లో లేడిపిల్లల్లా పరిగెత్తిన వాళ్ళు, సెకండాఫ్ వచ్చేసరికి కాళ్ళీడ్చుకుంటూ నడిచేవాళ్ళు. కోచ్ ఉండాలా పోవాలా అన్నది శనివారం కమిటీ తేలుస్తుందని కబురొచ్చింది.

ఆ జట్టే నాగమల్లేశ్వరి ఇన్నేళ్ళ కష్టం. బందరు రేవులో వలలు బాగుచేసుకునే ఇంట్లో పుట్టింది. అమ్మాయిల జట్టు లేకపోతే మగపిల్లల మధ్యన పడి ఆడి, మోకాలు పోగొట్టుకుని, ఆనక పట్టుదలగా కోచింగ్ లైసెన్సు తెచ్చుకుంది. ఉయ్యూరు వచ్చి పేటలో ఇల్లిల్లూ తిరిగింది. నిక్కరు వేసుకుని ఆడితే పెళ్ళవదన్న తల్లుల చేత తిట్లు తిని, ఒక్కొక్క పిల్లనే పోగేసింది. తల్లి కొండలమ్మ కూడా కూతురి వెంటే వచ్చేసి ఉయ్యూరు మార్కెట్లో చేపల గంప పెట్టుకుంది. ఇప్పుడు ఆ జట్టుని ఎవరో వచ్చి తన చేతుల్లోంచి లాక్కుంటారంటే నాగమల్లేశ్వరికి ముద్ద దిగలేదు.

పిల్లలు ఎందుకు ఓడుతున్నారో ఆమెకు తెలుసు. తెలిసీ చెప్పలేకపోవడమే వచ్చిన చిక్కు.

ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస దినాలు, లెంట్ మొదలైన రోజున చర్చిలో కృపానందం గారు మైకు పట్టుకున్నారు. ఆయన క్లబ్బుకి ప్రెసిడెంటే కాక సంఘానికి పెద్ద కూడా. మైకు ఆయన చేతికి వెళ్ళిందంటే వదిలించడం ఎవరి తరమూ కాదు. జట్టులో ఒకరిద్దరు తప్ప అందరూ ఆ సంఘం పిల్లలే కనుక, ఈ నలభై రోజులూ సాయంత్రం ప్రార్థన దాకా వాళ్ళు మంచినీళ్ళు తప్ప ముట్టరని, ఆ ఉపవాసానికి మెచ్చి దేవుడు కప్పు మన చేతిలో పెడతాడని ప్రకటించేశారు. పిల్లల్ని ఒక్క మాట అడిగింది లేదు. లేవమంటే లేచి నిలబడ్డారు. ఉపవాసం ఎవరి మనసుని బట్టి వాళ్ళు ఉండేదని పాస్టరు గారు మెల్లగా అన్నారు గానీ, ఆయన సంఘానికి కొత్త, ఆ మాట జనం చెప్పిన ఆమేన్‌లో కలిసిపోయింది. మ్యాచులు మధ్యాహ్నం మూడింటికి పెట్టించిందీ కృపానందం గారే. వచ్చే అతిథులు భోంచేసి, కాస్త నడుం వాల్చి రావడానికి అదే వీలైన వేళ.

ఇదంతా నాగమల్లేశ్వరికి తెలిసింది ఏంజెల్ పడిపోయిన రోజున. రెక్కలు కట్టుకున్నట్టు మైదానం వారన వింగ్‌లో పరిగెత్తే పిల్ల, ప్రాక్టీసు మధ్యలో నిలువునా కూలిపోయింది. ముఖాన నీళ్ళు కొట్టి లేపితే పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

“పొద్దుట్నుంచీ ఏం తినలేదు మేడమ్. మేం ఎవరం తినలేదు,” అంది కెప్టెన్ బ్లెస్సీ తల దించుకుని.

నాగమల్లేశ్వరికి ఉపవాసమంటే వెటకారం లేదు. కార్తీక సోమవారాలు వాళ్ళమ్మా ఉంటుంది. కానీ ఆ రోజుల్లో కొండలమ్మ గంప ఎత్తదు, నీడపట్టున కూర్చుంటుంది. ఎండలో గంటన్నర పరిగెత్తమని ఏ దేవుడూ అడగడు. కనీసం మ్యాచ్ ఉన్న రోజైనా ఇంత అన్నం తిని రండి అని పిల్లల్ని తిట్టింది, ఆపైన బతిమాలింది. సంఘం ముందు లేచి నిలబడ్డాక ఎలా తింటాం అని వాళ్ళు ఏడ్చారు.

“మీరు కమిటీకి చెప్పొద్దు మేడమ్,” అంది బ్లెస్సీ. “బంతాట కోసం దేవుణ్ణి వదులుకుంటారా అని మా వాళ్ళు ఆటే మాన్పించేస్తారు. అందులోనూ మీరు మా సంఘం కాదు కదా. మీరే మాకు నూరిపోశారంటారు.”

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. చెప్పనని మాటిచ్చింది. మాటిచ్చి ఊరుకోలేక, ఎండ ఎక్కువగా ఉంది, మ్యాచులు పొద్దున్నే పెట్టించండని కృపానందం గారిని అడిగింది. రాత్రి తిన్న తిండైనా ఒంట్లో ఉంటుందని ఆమె ఆశ. రేవులో పుట్టిన వాళ్ళకి ఎండ కొత్తా అమ్మా అని ఆయన నవ్వేశారు.

శనివారం సాయంత్రం క్లబ్బు గదిలో కమిటీ కూర్చుంది. పిల్లలు బయట వరండాలో వరసగా కూర్చున్నారు. సాయంత్రం ప్రార్థనకి ఇంకా వేళ కాలేదు కాబట్టి వాళ్ళ కడుపులు ఖాళీ. లోపల బల్ల మీద మాత్రం మిరపకాయ బజ్జీల పళ్ళెం పొగలు కక్కుతోంది. కృపానందం గారు ఉపవాసం ఉండరు. ఆయనకు షుగరు, డాక్టరు వద్దన్నాడు. బజ్జీలు వద్దన్నాడో లేదో మనకు తెలియదు.

బజ్జీ వాసన వరండాలోకి వెళుతూనే ఉంది. నాగమల్లేశ్వరికి ఆ పళ్ళెం ఎత్తి ఆయన తెల్ల చొక్కా మీద బోర్లించాలనిపించింది. ఆయన వేళ్ళు తుడుచుకుని మొదలుపెట్టారు. పిల్లలకు స్టామినా లేదు. సెకండాఫ్‌లో పీనుగుల్లా నడుస్తున్నారు. ఆడిస్తున్నారా, ఎండలో నిలబెట్టి వేడుక చూస్తున్నారా? గంపలు మోసే ఇంట్లోంచి వచ్చిన వాళ్ళకి ఇంత పెద్ద బాధ్యత అప్పగించడం మన తప్పేనని పక్కనున్న మెంబరు గొణిగాడు. గొణిగినట్టు గొణిగాడు గానీ, అందరికీ వినపడేట్టే గొణిగాడు. సెక్రటరీ సంజీవరావు నోట్లో నాలుక లేని మనిషి, టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

“మీరేం చెప్తారమ్మా? మీకూ ఒక అవకాశం ఇవ్వాలి కదా,” అన్నారు కృపానందం గారు.

నిజం ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. కిటికీలోంచి బ్లెస్సీ కళ్ళు కనపడ్డాయి. ఆ పిల్ల చేతులు జోడించలేదు, ఏమీ చెయ్యలేదు, ఊరికే చూస్తోంది.

“మ్యాచ్‌కి ముందు పిల్లలు ఏం తిని వస్తున్నారో మీరెప్పుడైనా అడిగారా అండీ?” అంది నాగమల్లేశ్వరి.

“అది చూసుకోడానికే కదమ్మా మిమ్మల్ని పెట్టుకుంది,” అన్నారాయన ఇంకో బజ్జీ అందుకుంటూ.

ఇక ఆ మనిషితో మాట్లాడటం దండగ. స్టామినా బాధ్యత నాదేనండీ అని చెప్పి ఆమె లేచి వచ్చేసింది. వరండాలో పిల్లలు లేచి నిలబడ్డారు. ఆమె వాళ్ళ వైపు చూడలేదు. చూస్తే ఏడుస్తానని భయమేసింది.

మర్నాడు చర్చిలో ప్రకటనల వేళ, పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ అయ్యాక, గ్రేస్ క్లబ్ కోచ్ నాగమల్లేశ్వరి గారిని చేతకానితనం కారణంగా తొలగించడమైనదని కృపానందం గారు మైకులో చదివారు. చర్చి మీది లౌడ్ స్పీకరు మూతి సరిగ్గా మార్కెట్ వైపే ఉంటుంది. ఆదివారం, చేపల బేరం జోరుగా సాగే వేళ. కొండలమ్మ చేతిలో బొచ్చె చేప అలాగే ఉండిపోయింది. కొనడానికి వచ్చిన వాళ్ళు ఆమె ముఖం చూడలేక అటూ ఇటూ చూశారు. ఆ రోజు కొండలమ్మ ఎవరితోనూ బేరమాడలేదు, అడిగిన ధరకే ఇచ్చేసి ఇంటికొచ్చేసింది.

కొత్త కోచ్‌గా కృపానందం గారి బామ్మర్ది కొడుకు సురేష్ వచ్చాడు. అతను చేసిందల్లా ఈల మెడలో వేసుకోవడం. ఇంతలో ఈస్టర్ వచ్చింది, ఉపవాసాలు అయిపోయాయి, పిల్లలు మధ్యాహ్నం పూట కడుపునిండా అన్నం తిన్నారు. మొదట్లో గెలిచిన మ్యాచుల పుణ్యమా అని సెమీ ఫైనల్‌లో చోటు ఎలాగూ ఉంది. సెమీస్ గెలిచారు. ఫైనల్ కూడా గెలిచారు. సెకండాఫ్‌లో ఏంజెల్‌ని పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు.

మర్నాటికల్లా సెంటర్లో ఫ్లెక్సీ లేచింది. అందులో కృపానందం గారు నిలువెత్తున, ఆయన పక్కన సురేష్, కింద పిల్లలంతా కలిపి ఆయన చెప్పుల సైజులో. చూశావా, కోచ్ మారగానే ఆట ఎలా మారిందో అని టీ కొట్టు దగ్గర మేధావులు తేల్చేశారు. నాగమల్లేశ్వరి అటు వెళ్ళడం మానేసి, తల్లితోపాటు మార్కెట్లో కూర్చుని చేపలకు పొలుసు తీయసాగింది. ఒంటి నిండా కోపం, కత్తిపీట ముందు కూర్చుంటే కాస్త నెమ్మదించేది.

ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞతా కూడిక. స్పీకరులో కృపానందం గారి గొంతు మార్కెట్ మొత్తాన్నీ కమ్మేసింది. సైన్యం దిగిన పాళెంలో పాపం ఉన్నంతకాలం యుద్ధంలో ఓటమి తప్పదని, ఆ పాపాన్ని బయటికి పంపగానే ఉపవాసం ఫలించి దేవుడు విజయమిచ్చాడని చెప్పారు. కత్తిపీట మీద నాగమల్లేశ్వరి చెయ్యి జారి వేలు తెగింది. నీళ్ళలో ముంచి మళ్ళీ చేప అందుకుంది. ఇప్పుడు కెప్టెన్ వచ్చి సాక్ష్యం చెబుతుందన్నారాయన.

“అందరికీ వందనాలు,” అంది బ్లెస్సీ గొంతు. కాసేపు గరగరమన్న చప్పుడు. “సాక్ష్యంలో అబద్ధం చెప్పకూడదు కాబట్టి ఉన్నది చెప్తున్నానండీ. లెంట్‌లో మేం ఓడిపోయింది ఆకలికి. కళ్ళు తిరిగి బంతి రెండుగా కనపడేది. ఈస్టర్ అయ్యాక అన్నం తిన్నాం, గెలిచాం. మల్లేశ్వరి మేడమ్‌కి ఇది తెలుసు. మేం చెప్పొద్దన్నామని చెప్పలేదు. తీసేస్తుంటే కూడా చెప్పలేదు. మేం వరండాలో కూర్చుని అంతా విన్నాం, నోరెత్తలేదు. పాపం ఉంటే అదండీ. ఉపవాసం కూడా దేవుడి కోసం ఉండలేదు, పెద్దయ్య గారికి భయపడి ఉన్నాం. ఇంక నన్ను ఆట మాన్పించినా సరే…”

మైకు ఠక్కున ఆగిపోయింది. ఆగి ఏం లాభం, అప్పటికే మార్కెట్ మార్కెటంతా వింది.

కొండలమ్మ కూతురి వైపు తిరిగింది. “తెలిసీ నోరు మూసుకున్నావా? ఊరంతా నా ముఖాన ఉమ్మేస్తుంటే నాకు కూడా చెప్పలేదా?” అంది. నాగమల్లేశ్వరికి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ రానిది, పొలుసు అంటిన చేతులతో తుడుచుకోవడానికి కూడా వీల్లేకుండా వచ్చింది.

ఆరాధన ముగిశాక జనం ఎప్పటిలా చేపలకు వచ్చారు. వాళ్ళ వెనకే సంజీవరావు వచ్చాడు. సురేష్ ఈల వేస్తే గ్రౌండ్‌లోకి దిగేది లేదని పిల్లలు చర్చి గుమ్మంలోనే తెగేసి చెప్పారట. ఒక్క తల్లి కూడా వాళ్ళని తిట్టలేదట. తినడం పాపం కాదని పాస్టరు గారు ఈసారి గట్టిగానే అన్నారట. వచ్చే నెల విజయవాడలో రాష్ట్ర పోటీలున్నాయి.

“జరిగిందేదో జరిగిపోయింది మేడమ్. వచ్చెయ్యండి. ప్రెసిడెంట్ గారే పంపించారండి, అదుగో, కారులోనే ఉన్నారు,” అన్నాడతను.

నాగమల్లేశ్వరి కారు వైపు చూడలేదు. “నన్ను తీసేసిన సంగతి ఎక్కడ చెప్పారండీ?”

సంజీవరావు చర్చి మీది స్పీకరు వైపు ఓసారి చూశాడు.

“మైకులో చెప్పారు. మా అమ్మ చేతిలో చేప పట్టుకుని వింది. రమ్మనే సంగతి కూడా మైకులోనే చెప్పమనండి. నా పేరు పెట్టి చెప్పమనండి. పిల్లలు ఎందుకు ఓడారో అది కూడా ఆయన నోటితోనే చెప్పాలి.”

సంజీవరావు వెళ్ళి కారు కిటికీ దగ్గర వంగాడు. అద్దం పైకి లేచింది. ప్రతి ఆదివారం కొండలమ్మ దగ్గర తీసుకునే కొరమేను కూడా తీసుకోకుండా కారు వెళ్ళిపోయింది.

వారమంతా గ్రౌండ్ ఖాళీగానే ఉంది. సురేష్ ఒక్కడే వచ్చి, గోల్ పోస్టు నీడలో ఫోను చూసుకుని పోయేవాడు.

మళ్ళీ ఆదివారం. స్పీకరులో పెళ్ళి ప్రకటనలు అయిపోయాయి. కృపానందం గారు గొంతు సవరించుకుని, క్లబ్బు విషయంలో చిన్న పొరపాటు జరిగిందని, పాత కోచ్ గారు తిరిగి రావలసిందిగా కమిటీ కోరుతోందని గబగబా చదివారు. మార్కెట్లో తలలన్నీ నాగమల్లేశ్వరి వైపు తిరిగాయి. అమ్మాయ్, పిలుస్తున్నారు కదా, లేవవేం అంది పక్క గంప ఆవిడ.

“ఇంకా చెప్పలేదుగా,” అంది నాగమల్లేశ్వరి, శీలావతి చేపకి పొలుసు తీస్తూ.

స్పీకరులో ఎవరో కుర్చీ జరిపారు. మైకుకి దూరంగా పాస్టరు గారి గొంతు వినపడింది. “పెద్దయ్య గారూ, పేరు చెప్పండి.” మార్కెట్లో బేరాలు ఆగిపోయాయి.

“నాగమల్లేశ్వరి గారు,” అన్నారు కృపానందం గారు, పంటి కింద రాయి పడ్డట్టు. “పిల్లలు… ఆకలితో ఉండి ఓడిపోయారు. ఉపవాసం ప్రకటించింది నేను. కోచ్ గారి తప్పు లేదు.”

నాగమల్లేశ్వరి కత్తిపీట పక్కకు వాల్చి, బిందెలో నీళ్ళు వంచుకుని చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా తీరిగ్గా కడుక్కుంది. ఆయన్ని క్షమించిందా అంటే లేదు, ఆ ఉద్దేశం కూడా ఆమెకు లేదు. చర్చి వదలగానే పిల్లలు పరుగున వచ్చి గంప చుట్టూ మూగారు. ముందు బ్లెస్సీ ఏడ్చింది, ఆ వెనకే అందరూ.

“ఏడుపులు చాలు,” అంది నాగమల్లేశ్వరి. “రేపు పొద్దున్నే ప్రాక్టీసు. తినేసి రండి.”