గెలిచినవాడి ఇంజను

వెర్లిన్ గెలిచాడు. ముగింపు జెండా ఊగిన తర్వాత కూడా ఆ సంగతి అతనికి ఒంటబట్టలేదు. హెల్మెట్ అద్దం మీది నల్లమట్టి తుడుచుకుంటూ, అదే వేగంతో ఇంకో చుట్టు తిరిగి వచ్చి ఆగాడు.

నాలుగు కౌంటీల మట్టిబాట కారు పందేలకు ఇక ఎప్పటికీ అదే చివరి రోజు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మొక్కజొన్న చేల మధ్య వెర్లిన్ నాన్న, మరికొందరు రైతులు మొదలుపెట్టిన పందేలవి. తొలినాళ్లలో ఒక కార్ల వ్యాపారి ఖరీదైన ఇంజను తెచ్చి వరసగా గెలుస్తుంటే, నాన్న పట్టుబట్టి ఒక నియమం పెట్టించాడు. గెలిచినవాడి ఇంజనును వెనకాలే వచ్చిన ముగ్గురిలో ఎవరైనా అడగొచ్చు. ధర ముందే ఖాయం, ఎవరికైనా అందేంత. గెలిచినవాడు ఇస్తాననాలి, లేదా ఇవ్వననాలి. నోట్లోంచి ముందు ఏది వస్తే అదే లెక్క. ఇవ్వనంటే గెలుపు పోతుంది, ప్రేక్షకుల స్టాండు గోడ మీద పేరు ఎక్కదు.

ఆ తర్వాత ఎవరూ ఇంజను మీద ఆస్తులు తగలెయ్యలేదు. పందేలు ఇన్నేళ్లు బతికింది అందుకేనంటారు.

గోడ మీద వెర్లిన్ పేరు ఒక్కసారీ ఎక్కలేదు, ఎప్పుడూ రెండో స్థానమే. అందరూ అతన్ని "రెండో వెర్లిన్" అనేవారు. ఆఖరి మలుపులో యాక్సిలరేటర్ మీద అతని కాలు దానంతటదే కాస్త తేలికయ్యేది. భయమేమో అనుకున్నాడు కొన్నాళ్లు. కాదని తెలిసిన రోజు ఆ ఆలోచన జోలికి మళ్లీ పోలేదు. అతని బండిలో ఇంజను తమ్ముడు డెల్ బిగించింది. బిగించిన చలికాలమే డెల్ పోయాడు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజను గొంతు సవరించుకున్నట్టు తడబడేది. డెల్ తొందరలో చేసిన పొరపాటు.

ఇవాళ కాలు తేలిక కాలేదు. రేపట్నుంచి పందేలే లేనప్పుడు ఈ ఇంజను ఎవరికి కావాలి అనుకున్నాడు.

జొలీన్‌కి కావలసి వచ్చింది. మూడో స్థానంలో వచ్చిన ఆ పిల్ల, హెల్మెట్ చంకన పెట్టుకుని నేరుగా పందేల పెద్ద ఓరీ దగ్గరికి నడిచింది.

"ఇంజను అడుగుతున్నా."

"నీకెందుకే? దుకాణం కట్టేస్తున్నాం కదా," అన్నాడు ఓరీ.

"వచ్చే ఏడు పక్క రాష్ట్రం నెబ్రాస్కాలో తోలుతున్నా. నా ఇంజను దగ్గుతోంది. నియమం ఇవాళ్టికి ఉందా, లేదా?"

"ఉంది." ఓరీ వెర్లిన్ వైపు తిరిగాడు. "మీ నాన్న పెట్టిందే కదరా. చూసుకుని నోరు తెరువు."

కొందరు నవ్వారు. వెర్లిన్ నోట్లో "ఇవ్వను" సిద్ధంగా ఉంది. గెలుపు పోతుంది, పోనీ. రెండో స్థానం అలవాటే. అలవాటు అన్న చోట అతని మనసు ఆగింది. ప్రతి ఆఖరి మలుపులోనూ తను ఇవ్వనంటూనే ఉన్నాడు, ఎవరూ అడక్కుండానే.

"ఇస్తాను," అన్నాడు.

ఓరీ ఇంజను పైకెత్తే గొలుసు కప్పీ తేవడానికి వెళ్లాడు. జొలీన్ వంగి, ఇంకా నడుస్తున్న ఇంజనుకు చెవి ఒగ్గింది.

"ఏంటి బాబాయ్, తడబడుతోంది?"

"కార్బ్యురేటర్‌లో స్ప్రింగు. వేరే సైజుది పడింది. పది నిమిషాల పని."

"మరి ఇన్నేళ్లూ చేసుకోలేదేం?"

"తీరిక దొరకలేదు."

ఆ పిల్ల అతని మొహంలోకి చూసింది. ఏమనుకుందో, "పోనీ, అలాగే ఉంచమంటావా?" అంది.

వెర్లిన్ స్విచ్ కట్టేశాడు. తడబాటు ఆగిపోయింది.

"వద్దు. బయల్దేరే జెండా ఊపేటప్పుడు వెనకబడతావు."

బోల్టులు ఇంకా కాలుతున్నాయి. చేతికి గుడ్డ చుట్టుకుని మొదటిది తనే విప్పాడు.