రెండో బల్ల

ఆ ఆదివారం పొద్దుటినుంచీ ఖుర్షిదాకి కాలు ఒకచోట నిలవలేదు. పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడింది, పొంగిపోయాక పరుగెత్తింది. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది. "ఏందే నీ తిరుగుడు, కాలుగాలిన పిల్లిలాగా!" అని మొగుడు జాన్ బాషా విసుక్కున్నాడు. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? వీధి గుమ్మం దాకా వెళ్ళడం, రోడ్డు చూడడం, వెనక్కి రావడం, అప్పటికి ఎన్నిసార్లు చేశాడో!

జాన్ బాషాది తాతలనాటి నుంచీ దూది ఏకే ఇల్లు. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులూ దిళ్ళూ కుట్టేవాడు. చిలకలూరిపేట రోడ్డు మీద స్పాంజి పరుపుల షాపులు వరసగా లేచాక, ఆ విల్లు చప్పుడికి తలుపు తీసేవాళ్ళు తగ్గిపోయారు. అదే దూది ఏకే మిషను ఒకటుంటే వారం రోజుల పని పూటలో తేలిపోతుంది, కూలీ తగ్గించి అడగొచ్చు, పెళ్ళిళ్ళ సీజన్లో నాలుగు రాళ్ళు మిగుల్తాయి. నరసరావుపేటలో ఒకాయన పాత మిషను అమ్ముతున్నాడు. ఈ ఆదివారం ఏదో పని మీద ఈ ఊరు వస్తున్నాడు. ఐదింటి బస్సెక్కే లోపల బయానా చేతిలో పెడితే సరే, లేదంటే వినుకొండ వాళ్ళకి మాట ఇచ్చేస్తానని కబురు పెట్టాడు.

బయానాలో సగం జాన్ బాషా కూడబెట్టాడు. మిగతా సగం ఖుర్షిదాకి సొసైటీలో వచ్చే డివిడెండు. అది ఇవాళ మధ్యాహ్నం మీటింగులో ఇస్తారు.

ఇస్తారు అంటే ఇస్తారు, నిజమే. కానీ ఆ ఊరి ఆడవాళ్ళ పొదుపు సొసైటీలో ఇవ్వడానికి ఒక పద్ధతి ఉంది. సొసైటీ పెట్టిన కొత్తలో, సెక్రటరీ వెంకటేశ్వరమ్మ స్కూల్లో పెట్టిన మీటింగులో లేచి, "ఈ ఏడు లాభం వచ్చింది, ఎవరి డివిడెండు వాళ్ళ వాటాలో కలిపేశాం" అని చదివింది. ఆడవాళ్ళు ఊరుకున్నారా? "మా డబ్బు మాకు కంటికి చూపించకుండా మళ్ళీ మీరే దాచుకుంటారా?" అని స్కూలు పైకప్పు ఎగిరిపోయేలా అరిచారు. ఆ దెబ్బకి మర్నాడే రెండు బల్లలు వేశారు. మొదటి బల్ల దగ్గర డబ్బు పెట్టె చూసే కోటేశ్వరి ఎవరి డబ్బు వాళ్ళ చేతికిస్తుంది. ఇచ్చింది కళ్ళకద్దుకుని, నాలుగడుగులు వేసి, రెండో బల్ల దగ్గర పద్దు రాసే అఖిలకి ఇచ్చేస్తే, అది వాళ్ళ వాటాలో కలుస్తుంది. వాటా పెరిగితే పై ఏడు డివిడెండూ పెరుగుతుంది. మొదటి బల్ల మీద నోట్లు అయిపోతే రెండో బల్ల మీదవి తెచ్చి ఇక్కడ పెడతారు. అందరి కళ్ళముందే జరుగుతుంది, ఎవరూ తప్పు పట్టరు. ఆ ఒక్క కట్టే సభ ముగిసేలోగా ఊరందరి కళ్ళకీ తగిలి మళ్ళీ పెట్టెలో పడుతుంది.

ఇన్నేళ్ళలో రెండో బల్ల దాటి బయటికి వెళ్ళిన నోటు లేదు. దాటకూడదని ఏ కాగితం మీదా లేదు. కానీ దాటాలంటే అందరూ చూస్తారు కదా!

దానికి తోడు ఖుర్షిదాది ఒకటో నంబరు. పెద్దరికం చూసి ఇచ్చిన నంబరేమీ కాదు. పేర్లు రాసుకునే రోజున ఎండకి తాళలేక ముందుగా వెళ్ళి స్కూలు వరండాలో కూర్చుంది, పేరు మొదట పడింది. అంతే. అప్పటినుంచీ మొదట లేచేది ఆమె, మొదట కళ్ళకద్దుకునేది ఆమె. ఖుర్షిదా ఎలా చేస్తే వెనక వాళ్ళు అలా చేస్తారు. రెండో నంబరు రెబ్కా అయితే ఖుర్షిదా కొంగు పట్టుకుని నడిచినట్టే నడుస్తుంది.

అందుకే పొద్దున్నే ఖుర్షిదా వెంకటేశ్వరమ్మ ఇంటికి వెళ్ళింది. వెంకటేశ్వరమ్మ అంగన్‌వాడీ టీచరు. సొసైటీని బిడ్డలాగా పెంచిందని ఊరు చెప్పుకుంటుంది, ఆవిడా చెప్పుకుంటుంది.

"టీచరుగారూ, ఈ ఏడు నాది చేతికి కావాలండి" అని ఖుర్షిదా మిషను సంగతంతా చెప్పింది.

వెంకటేశ్వరమ్మ మొహం పాలిపోయింది. "ఇవాళే కావాలా నీకు? ఆ పట్నం బ్యాంకు షట్టరు దించిన కాణ్ణించీ మనోళ్ళకి నిద్దర్లు లేవు. ఇక్కడా ఏమీ లేదంట అని ఆ సుబ్బరావమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్తంది. ఉన్నదంతా మిరప నారుకీ పత్తి విత్తనాలకీ అప్పులిచ్చాం. నువ్వు చేతికి తీసుకున్నావంటే వెనకాల అందరూ చేతికే అంటారు. నేనెక్కణ్ణించి తేను?"

"మరి నా మిషనండీ?"

"నిన్ను ఆఖర్న పిలుస్తా. జనం పోయాక తీసుకుని ఎల్లు. ఎవరికీ తెలీదు."

ఖుర్షిదా తలూపి వచ్చేసింది. వచ్చిందే గానీ దారంతా అదే ఆలోచన. దొంగతనం చేయబోతున్నట్టు ఏమిటిది, తన డబ్బు తాను తీసుకోడానికి? పైగా ఇంకో భయం. పట్నం బ్యాంకులో డబ్బు పోయినవాళ్ళకి కూడా ముందురోజు దాకా ఇలాంటి మెత్తటి మాటలే చెప్పారట.

మూడింటికి స్కూలు వరండా నిండిపోయింది. రెండు సగాలూ కలిపి ఒకేసారి పట్టుకెళ్దామని, భర్త దగ్గరున్న సగం బయానా ఖుర్షిదా కొంగున ముడేసుకుని, ముందు వరసలో ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుంది. జాన్ బాషా బస్టాపు దగ్గర టీ కొట్టులో ఆ నరసరావుపేట ఆయన్ని మాటల్లో పెట్టి కూర్చున్నాడు.

వెంకటేశ్వరమ్మ జమాఖర్చులు చదివి, కళ్ళజోడు సర్దుకుని, "రెండో నంబరు, రెబ్కా" అని పిలిచింది.

రెబ్కా లేవలేదు. పక్కనున్న ఖుర్షిదా వైపు చూసింది.

"అదేంది, ఒకటో నంబరేదీ?" అని వెనకనుంచి గొంతు లేచింది. ఇంకెవరు, సుబ్బరావమ్మ! ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. "ఖుర్షిదా ఇక్కడే ఉందిగా? పిలవరేంది?"

"తర్వాత పిలుస్తానమ్మా, కూర్చో."

"తర్వాతెందుకు? ఓహో! పొద్దున టీచరుగారింట్లోంచి వస్తంటే చూశా. ముందే తీసేసుకుంది! మొత్తం వాటా లాగేసుకుంది! వాళ్ళకి తెలుసు, మనకే తెలీదు!"

ఇక చెప్పేదేముంది? వరండా వరండా అంతా లేచి నిలబడింది. "నాది కూడా చేతికే!" "ముందు నా నంబరు పిలవండి!" "మా ఆయన చెప్పనే చెప్పాడు!" మొదటి బల్ల చుట్టూ మూగారు. కోటేశ్వరి పెట్టె మీద రెండు చేతులూ వేసి కూర్చుంది, చెమటలు కారిపోతున్నాయి. వెంకటేశ్వరమ్మ నోరు తెరుస్తుంది గానీ మాట వినిపించదు. ఆఖర్న పిలిస్తే ఎవరికీ తెలియదనుకుంది ఆ తల్లి. ఆ ఊరి ఆడవాళ్ళు నంబరు తప్పితే ఊరుకుంటారని ఎలా అనుకుందో!

ఖుర్షిదా లేచింది. "నేనేమీ తీసుకోలా! మిషను కొనుక్కోడానికి బయానా కావాలని అడిగా, అంతే!"

"నిన్నటిదాకా లేని మిషను ఇవాళెక్కణ్ణించి వచ్చిందే?" అంది సుబ్బరావమ్మ.

ఎవరూ నమ్మలేదు. నిజం చెప్పినా నమ్మని మొహాలు చూస్తుంటే ఖుర్షిదాకి ఒళ్ళు మండిపోయింది. దాంతోపాటే గుండె జారింది. పెట్టెలో ఉన్న కట్ట పట్టుమని పదిమందికి రాదు. పదకొండో మనిషికి లేదన్నారంటే సొసైటీ సాయంత్రానికి ఉండదు. ఇన్నేళ్ళుగా తాను వేసుకుంటూ వచ్చిన వాటా కూడా అందులోనే ఉంది.

జనాన్ని తోసుకుంటూ మొదటి బల్ల దగ్గరికి వెళ్ళి చేయి చాపింది. కోటేశ్వరి డివిడెండు లెక్కపెట్టి ఇచ్చింది. ఖుర్షిదా కళ్ళకద్దుకుంది. రెండో బల్ల దాకా నడిచి అఖిల ముందు పెట్టింది. పెట్టి ఊరుకోలేదు. కొంగు ముడి విప్పి సగం బయానా కూడా తీసి బల్ల మీద కొట్టినట్టు పెట్టింది.

"ఇది పొదుపులో జమ చేసుకో. మునిగిపోయేదాంట్లో ఎవరైనా కొత్తగా డబ్బేస్తారా?" అంది, సుబ్బరావమ్మ వైపు తిరిగి.

రెబ్కా లేచి వచ్చి, తన డబ్బు తీసుకుని, కళ్ళకద్దుకుని, రెండో బల్ల మీద పెట్టింది. మూడో నంబరు వచ్చింది. నాలుగో నంబరు వచ్చింది. ఎప్పటిలాగే వరస నడిచింది. సుబ్బరావమ్మ కూడా మూతి ముడుచుకునే తెచ్చి పెట్టింది.

ఖుర్షిదా వెనక్కి వచ్చి ఖాళీ కొంగు ఒళ్ళో వేసుకుని కూర్చుంది. అందరూ ఆమెని మెచ్చుకోలుగా చూస్తున్నారు. ఆమెకి మాత్రం ఏడుపు తన్నుకొస్తోంది. రోడ్డు మీద ఏ బస్సు హారను మోగినా ఉలిక్కిపడుతోంది. అక్కడ ఆ మనిషి టీ గ్లాసు మీద టీ గ్లాసు తాగించుకుంటూ కూర్చుని ఉంటాడు. మొగుడికి ఏమని చెప్పాలి? ఊరి సొసైటీ నిలబెట్టానని చెప్తే మిషను తిరుగుతుందా?

పిలుపులు అయిపోయాయి. ఆడవాళ్ళు చెప్పులు వెతుక్కుంటూ వరండా మెట్లు దిగుతున్నారు. ఖుర్షిదా టీచరుగారిని ఒక్క మాట అడుగుదామని లేచింది. అప్పుడే చూసింది. కోటేశ్వరి ఇచ్చిన తన డివిడెండు వెంకటేశ్వరమ్మ తీసుకుని, మడిచి, చేతిసంచీలో పెట్టుకుంటోంది. రెండో బల్ల వైపు వెళ్ళనే లేదు.

"టీచరుగారూ!"

వెంకటేశ్వరమ్మ ఉలిక్కిపడింది. "మా అబ్బాయి శ్రీకృష్ణకి పాలిటెక్నిక్ ఫీజు కట్టడానికి రేపే ఆఖరు రోజమ్మా. జీతం రాలా. నాది ఆఖరి నంబరే కదా, ఎవరూ చూడరని..." అని గొంతు తగ్గించింది. "ఎవరికీ చెప్పకు తల్లీ."

ఫీజు అన్నందుకు ఖుర్షిదాకి కోపం రాలేదు. ఆ చెప్పకు అన్న మాటకి వచ్చింది. వచ్చిన కోపం గొంతులోకి వచ్చేసింది.

"ఆగండమ్మా అందరూ! వెనక్కి రండి! టీచరుగారు చేతికి తీసుకున్నారు!"

మెట్లు దిగినవాళ్ళు చెప్పులతోనే ఎక్కి వచ్చారు. వెంకటేశ్వరమ్మ తల వంచుకుని నిలబడింది. ఖుర్షిదా ఆవిడ చేయి పట్టుకుంది, దొంగని పట్టుకున్నట్టు కాదు, పడిపోకుండా పట్టుకున్నట్టు.

"కొడుకు ఫీజుకి తీసుకున్నారు. తప్పేముంది? మునిగేదే అయితే ఈవిడ ఈ కాస్త డబ్బుకి దొంగచాటు పడేదా, ఎప్పుడో మొత్తం వాటానే లాక్కునేది కాదా? నాకూ మిషను కావాలి. నాదీ నాకు కావాలి."

"వాటాలో కలిపేశాం కదమ్మా..." అంది వెంకటేశ్వరమ్మ నీరసంగా.

"మీరింకా వందన సమర్పణ చెప్పలేదుగా, మీటింగు ముగిసినట్టు కాదు. కలిపింది తియ్యండి. పొదుపు ఎటూ ఎప్పుడంటే అప్పుడు తీసుకోవచ్చు." ఖుర్షిదా జనం వైపు తిరిగింది. "భయంతో కాదు, నిజంగా అవసరం ఉన్నవాళ్ళుంటే చెయ్యెత్తండి. సిగ్గుపడొద్దు."

సుబ్బరావమ్మ అటూ ఇటూ చూసింది. ఆవిడ చెయ్యి లేవలేదు. వెనక వరసలో ఒకావిడ ఎత్తింది, బోరు మోటారు కాలిపోయిందని. ఇంకో ముసలమ్మ మందులకని ఎత్తింది. అంతే. పెట్టెలో ఉన్నది సరిపోతుందని కోటేశ్వరి గట్టిగా ఊపిరి వదిలింది.

అప్పుడు ఖుర్షిదా పక్కనే, భుజం దాకా మాత్రమే, ఇంకో చెయ్యి లేచింది. రెబ్కా.

"నీకేంటే?"

"కన్ను. కుడి కంటికి పొర వచ్చిందని చిలకలూరిపేట డాక్టరు చెప్పాడు. తీయించుకోమన్నాడు."

"ఎప్పుడు చెప్పాడు?"

"నాలుగేళ్ళయింది."

"నాలుగేళ్ళు! మరి ఏటా చేతికి ఇచ్చినప్పుడు తీసుకుని పోలేకపోయావా?"

రెబ్కా కొంగు నలుపుతూ నవ్వడానికి ప్రయత్నించింది. "నువ్వు పెట్టేదానివి కదక్కా. నీ వెనకాలే నాది. నువ్వు పెట్టేసి తిరిగి చూస్తే, నేనెట్టా పట్టుకుపోను?"

ఒక్కసారి కాదు, ఏటా ఆ బల్ల దగ్గర ఖుర్షిదా వెనక్కి తిరిగి రెబ్కాని చూసి నవ్వేది. మంచిగానే నవ్వేది. ఒకటో నంబరు అన్న గర్వం అందులో కాస్త ఉండేదేమో. ఆ నవ్వు చూసి రెబ్కా తన కంటి డబ్బు తెచ్చి బల్ల మీద పెట్టేదని ఇవాళ దాకా తెలియలేదు.

రోడ్డు మీద నరసరావుపేట బస్సు హారను మోగింది. ఆగింది. కదిలింది. ఆ చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా ఖుర్షిదా కదల్లేదు.

అఖిల తిరిగి ఇచ్చిన డబ్బు కొంగున ముడేసుకుంది. రెబ్కా డబ్బు కూడా కోటేశ్వరి దగ్గర తీసుకుని ఆమె చేతిలో పెట్టింది. ఇద్దరూ గుమ్మం వైపు నడిచారు. రెండో బల్ల దగ్గరికి రాగానే రెబ్కా కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. చేయి కూడా బల్ల వైపు లేచింది. ఖుర్షిదా ఆ చేయి గట్టిగా పట్టుకుంది.

"ఇటు రావే. రేపు తెల్లారగట్ల మొదటి బస్సుకి పేటలో దిగుదాం. ముందు నీ కన్ను చూపిద్దాం. ఆ తర్వాత నరసరావుపేట పోతా. అమ్మేసి ఉంటే అమ్మేసి ఉంటాడు."

మెట్ల మీద సుబ్బరావమ్మ పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. రెబ్కా పిడికిలి డబ్బు మీద బిగుసుకుని ఉంది. ఖుర్షిదా దాన్ని వదలకుండా, ఈసారి వెనక్కి తిరిగి చూడకుండా, మెట్లు దిగింది.